ఇంటర్న్‌షిప్ సీట్లున్నా యువత ఎందుకు చేరలేదు?

సిఫారసు చేసేవాళ్లు లేని ఇళ్ల పిల్లలకూ పెద్ద కంపెనీల్లో పని నేర్చుకునే వీలు కల్పించాలన్నది ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉద్దేశం. 2024 బడ్జెట్‌లో ప్రకటించిన కేంద్రం, ఆ ఏడాది అక్టోబరులో పైలట్‌ మొదలుపెట్టింది. ఐదేళ్లలో కోటి మందికి అవకాశం ఇవ్వాలన్నది లక్ష్యం.

ఎవరు అర్హులు?

పైలట్ నిబంధనల ప్రకారం 21-24 ఏళ్ల వయసు, రూ.8 లక్షలు మించని కుటుంబ వార్షికాదాయం ఉండాలన్నది షరతు. ఫుల్‌టైమ్ ఉద్యోగంలో, చదువులో ఉన్నవారిని అప్పుడు అనర్హులుగా పెట్టారు.

డబ్బు ఎవరిస్తారు?

2024లో మొదలైన పైలట్‌లో ఏడాదిపాటు నెలకు రూ.5,000 అని పెట్టారు. అందులో రూ.4,500 కేంద్రానిది, రూ.500 కంపెనీ సీఎస్‌ఆర్ నిధులది. చేరగానే కేంద్రం ఒకసారి రూ.6,000 ఇచ్చేది. శిక్షణ ఖర్చు కంపెనీ భరించేది.

మరి ఏం జరిగింది?

తొలి విడతలో కంపెనీలు సుమారు 1.27 లక్షల అవకాశాలు చూపాయి. 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్లాయి. దాదాపు 28 వేల మంది ఒప్పుకున్నారు. చివరికి చేరింది 8,700 మంది మాత్రమే.

ఎక్కడ ఆగింది?

పని చేయాల్సిన ఊరు, పని స్వభావం, ఏడాది గడువు కారణాలని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఆదిలాబాద్ యువతికి హైదరాబాద్‌లో సీటొస్తే, రూ.5,000 హాస్టల్ ఫీజుకే సరిపోకపోవచ్చు. మిగతా ఖర్చు ఇంటివాళ్లు పంపాలి. అలా పంపగలిగిన ఇళ్లవాళ్లే చేరితే, పథకం ఎవరికోసం పెట్టారో వాళ్లే వెనకబడతారు. అందుకే సీట్ల సంఖ్యకన్నా ముందు చూడాల్సింది, ఆ సీటు ఇంటికి ఎంత దూరంలో ఉందన్నది.