రొయ్య పెంకు మందుగా మారే దారి

దొరవారిసత్రం పేరు చెప్పగానే చాలామందికి నేలపట్టు గూడబాతులు గుర్తొస్తాయి. ఆ పక్షుల్ని మేపే పులికాట్ సరస్సే ఈ ప్రాంతపు జాలర్లనూ పోషిస్తోంది. సరస్సులో వలకు పడే రొయ్యలు కొన్నయితే, నెల్లూరు తీరం పొడవునా చెరువుల్లో పెంచే వనామీ రొయ్యలు మరెన్నో. ఎగుమతి కోసం తల తీసి, పెంకు వలిస్తే రొయ్య బరువులో దాదాపు సగం దాకా వ్యర్థంగా పోతుంది. వాసన భరించలేక మనం దూరంగా పారబోయించే ఆ వ్యర్థంలోనే మందుల తయారీకి పనికొచ్చే పదార్థం ఉంది.

సముద్ర జీవుల నుంచి వచ్చే మందుల్ని రెండు రకాలుగా చూడాలి. మొదటి రకంలో జీవి మనకిచ్చేది నమూనా మాత్రమే. 1950ల తొలినాళ్లలో వెర్నర్ బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త కరీబియన్ సముద్రపు స్పాంజిలో కొన్ని వింత అణువుల్ని గుర్తించాడు. వాటిని చూసి రూపొందించినదే సైటారబిన్. రక్త క్యాన్సర్‌కు దాన్ని ఇవ్వడానికి అమెరికా 1969లో అనుమతించింది, ఇప్పటికీ వాడుతున్నారు. భరించలేని నొప్పికి వెన్నులోకి ఎక్కించే జికోనోటైడ్ కూడా అలాంటిదే. దాని మూలం చేపల్ని చంపి తినే ఒక సముద్రపు నత్త విషం. 2004లో అనుమతి వచ్చింది. ఈ రెండింటినీ నేడు ప్రయోగశాలలోనే తయారు చేస్తారు. వాటి కోసం స్పాంజినీ నత్తనూ పట్టక్కర్లేదు.

ఇలాంటి అణువుల వేటలో మన హైదరాబాదు కూడా ఉంది. అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్త వై.వెంకటేశ్వర్లు బృందం, అమెరికా శాస్త్రవేత్త జాన్ ఫాక్నర్‌తో కలిసి అరేబియా సముద్రంలో రాళ్లను అంటుకుని బతికే తిత్తిలాంటి జీవి నుంచి లామెలారిన్లు అనే అణువుల్ని వేరు చేసింది. వాటిలో ఒకటి ఎయిడ్స్ వైరస్‌కు అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుందని 1999లో ప్రచురించారు. అది మందు కాలేదు. గాజు పాత్రలో పనిచేసిన అణువు మనిషి ఒంట్లో పనిచేయాలంటే ఎన్నో పరీక్షలు దాటాలి, చాలా అణువులు దారిలోనే ఆగిపోతాయి.

రొయ్య రెండో రకం. ఇక్కడ జీవి ఒంటి పదార్థమే సరుకు. రొయ్య పెంకు పుల్లల దడికి మట్టి మెత్తిన గోడ లాంటిది. దడి స్థానంలో కైటిన్ అనే గట్టి పీచు, మట్టి స్థానంలో సున్నపు పదార్థం, మాంసకృత్తులు ఉంటాయి. పెంకుల్ని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం కరిగిపోతుంది. పలచని కాస్టిక్ సోడా నీళ్లలో వేడిచేస్తే మాంసకృత్తులు పోతాయి. మిగిలిన కైటిన్ నీళ్లలో కరగదు. దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో కాగబెడితే కైటోసాన్ అవుతుంది. ఇది పలచని ఆమ్లాల్లో కరుగుతుంది కనుక పొరగానో, జెల్లుగానో, పట్టీగానో మలచుకోవచ్చు.

కైటోసాన్ మీద ధన విద్యుదావేశం ఉంటుంది, ఎర్ర రక్తకణాల పైపొర మీద రుణావేశం ఉంటుంది. అందుకే గాయం మీద కైటోసాన్ పట్టీ అదిమిపెడితే రక్తకణాలు దానికి అంటుకుని ముద్దగా మారి రంధ్రాన్ని మూసేస్తాయి. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైన్యం రొయ్య పెంకుతో చేసిన ఇలాంటి పట్టీల్ని వాడింది. అయితే అవి మాంసకృత్తులు, లోహాలు, సూక్ష్మజీవుల విషాలు లేకుండా శుద్ధి చేసినవి. ఇంట్లో పెంకు కాల్చి నూరిన పొడి వాటికి సాటి రాదు. దాన్ని పుండు మీద చల్లితే చీము పట్టే ప్రమాదమే ఎక్కువ.

కైటిన్‌నే గాఢ ఆమ్లంలో ఉడికిస్తే గ్లూకోసమైన్ వస్తుంది. 1876లో జర్మనీకి చెందిన లెడ్డర్‌హోజ్ దీన్ని పెద్ద సముద్రపు రొయ్య పెంకు నుంచే తొలిసారి తీశాడు. మోకాళ్ల నొప్పులకు అమ్మే బిళ్లల్లో ఉండేది ఇదే. పేరు పెద్దదే గానీ ఫలితం అంత గొప్పగా లేదు. అమెరికా ప్రభుత్వ సాయంతో జరిగి 2006లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మొత్తం రోగుల్ని కలిపి చూస్తే, ఇది ఉత్తుత్తి బిళ్లను మించి నొప్పి తగ్గించలేదు. నెలనెలా వందలు ఖర్చుపెట్టేవాళ్లకు ఈ మాట తెలియాలి.

పులికాట్ పక్కన పెంకు నుంచి ఈ పదార్థాలు తీసే ఫ్యాక్టరీ రావాలని కోరుకోవడం తప్పు కాదు, పెంకుకు ధర పలికితే ఈ ప్రాంతానికి మేలే. కానీ ఈ పనికి ఆమ్లం, సోడా, మంచినీళ్లు విపరీతంగా కావాలి. శుద్ధి చేయకుండా ఆ నీటిని సరస్సులోకి వదిలితే దెబ్బతినేది జాలర్ల రొయ్యలే. కనుక ముందు మురుగునీటి లెక్క అడగండి.

గ్లూకోసమైన్ వాడేవాళ్లకు ఒక మాట. రొయ్యలూ పీతలూ పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు అడగకుండా ఈ బిళ్ల వేసుకోకూడదు, రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. శాకాహారులు డబ్బా మీద మూలం చూసుకోండి, బూజు నుంచి తీసిన రకం కూడా దొరుకుతుంది.