పాత తుపాకీ విలువ గొట్టం అడుగున

నేటి సాల్ట్ లేక్ నగరం ఉన్నచోట 1960లలో పూడ్చేదాకా ఉప్పునీటి చిత్తడి ఉండేది. బ్రిటిష్ కాలంలో అది నీటిపక్షుల వేటకు అనువైన చోటు. ఆ కాలపు జంట గొట్టాల తుపాకీ వారసత్వంగా వస్తే ముందు కనిపించేది ‘మాంటన్ అండ్ కో, కలకత్తా’ వంటి పేరు. చాలాసార్లు అది అమ్మినవారి పేరే. తుపాకీ బర్మింగ్‌హామ్‌లో తయారై ఉండవచ్చు.

అసలు ఆధారాలు గొట్టాల అడుగున ఉంటాయి. ఎక్కువ మందు కూరి పేల్చి, తట్టుకున్న గొట్టాలపైనే పరీక్షాశాల ముద్ర వేసేది. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813 నాటిది. కిరీటం కింద ‘ఎన్‌పీ’ ఉంటే అది 1904 నుంచి వచ్చిన నైట్రో పరీక్ష గుర్తు. నైట్రో ముద్ర ఏదీ లేకపోతే నల్లమందు తుపాకీగానే భావించాలి. నేటి తూటా వేస్తే గొట్టం పగలవచ్చు.

ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికిన డమాస్కస్ గొట్టాల చారలు ముచ్చటగొలుపుతాయి. కానీ నల్లమందు మసి తేమను పీల్చి లోపల తుప్పు పెంచుతుంది. దాన్ని అరగదీస్తే గోడ పలచబడుతుంది. 12 బోర్ అంటే పౌను సీసంతో చేసిన 12 సమాన గుండ్లలో ఒకదాని వ్యాసం, సుమారు 18.5 మి.మీ. లోపలి వ్యాసం ముద్రలోని కొలతను బాగా మించితే ధర పడిపోతుంది. పైన రుద్ది మెరిపిస్తే ముద్రలే చెరిగిపోతాయి.

మన దేశంలో ధరకు మరో పరిమితి ఉంది: 2019 చట్ట సవరణ ప్రకారం, వారసత్వంగా వచ్చినవి కలిపినా, సాధారణ లైసెన్సుదారుకు రెండు తుపాకులే.