శేషాచలపు ఎండపూలు

ఎర్రచందనమన్నంతనే మన చిత్తూరు సీమవారికి దుంగలు, దొంగలు, లారీలు, పోలీసులు జ్ఞప్తికి వచ్చుటయే గాని, ఆ వృక్షమునకు చైత్ర వైశాఖముల యెండలో పసుపుపచ్చని చిన్న పూలు గుత్తులు గుత్తులుగా పూయుననియు, ఆ పూలకు తావి కలదనియు నెరిగినవారు అరుదు. ఈ యెరుగమికి మనము కొండను చూచు కాలమును కొంత కారణము. తలకోన జలపాతమునకు వానలు వెలిసిన పిదప, పచ్చదనము కన్నులపండువుగా నున్నప్పుడు పోవుదుము. ఆకు రాలి, కొండ మోడువారినట్లు తోచు దినములలో ఘాటురోడ్డు మీది బస్సులో కిటికీ తెర దించుకొని కునుకుతీయుదుము. శేషాచల వనములయందలి పూలలో మేలైనవి కొన్ని ఆ దినములలోనే పూయును.

ఈ కొండలు చాలవరకు క్వార్ట్‌జైటు రాతివి. మన్ను పలుచన, నీరు నిలువదు. నైరృతి వానలు కొంతయు, ఈశాన్య వానలు మరికొంతయు తడిపి పోయిన పిదప నెలల తరబడి వాన మాట యరుదు. ఆకుల ద్వారమున నీరావిరి యగుచుండును గనుక చెట్టు ఆకును విడిచి, కాండమునందును వేళ్లయందును దాచుకొనిన సారముతో పూవును పూయును. ఆకు మరుగు లేని పూవు కీటకములకు దూరము నుండియే కానవచ్చును; కాయ పండి పగులునప్పటికి తొలకరి దగ్గరపడియుండును.

ఇందుకు కొండగోగు చక్కని నిదర్శనము. ఫాల్గుణ పూర్ణిమనాడు తుంబురు తీర్థ ముక్కోటికై పాపవినాశనము దాటి అడవిదారిని నడచు భక్తులు కొంచెము తలయెత్తి చూచిరేని, బూడిదరంగు కొమ్మల చివరల, ఒక్క ఆకైనను లేకుండ, అరచేయంత వెడల్పుగల బంగారువన్నె పూలు కానవచ్చును. రేకులైదు, నడుమ లెక్కకు మిక్కిలిగా కేసరములు. ఈ పూవునందు తేనె లేదు, ఉన్నదంతయు పుప్పొడియే. అదియు తిత్తులలో బిగిసి, కొననున్న సన్నని రంధ్రము గుండ తప్ప వెలికి రాదు. నల్లని పెద్ద తుమ్మెద పూవుపై వ్రాలి, కేసరములను కాళ్లతో కరచుకొని, రెక్కలు విప్పకయే ఒడలిని కంపింపజేయును. ఆ కంపమునకు పుప్పొడి జలజల రాలి దాని పొట్టకు అంటుకొనును. దగ్గర నిలిచిన వారికి ఆ ఝంకారము, ఎగురునప్పటి రొదకంటె హెచ్చుస్థాయిలో, తెగి తెగి వినబడును. తరువాత కాయ యైదు చెక్కలుగా పగిలి, పట్టువంటి దూది తగిలిన గింజలను గాలికి విడుచును. జిగురు సేకరించువారికి తపసితో పాటు కొండగోగును పరిచితమే. వంటకు రంగునిచ్చు జాఫ్రాకు ఇది దాయాది యని వృక్షశాస్త్రజ్ఞులు నేడు నిర్ణయించియున్నారు.

మోదుగను గూర్చి చెప్పనక్కరలేదు, అది ఎల్లరెరిగినదే. 1961లో గాని శాస్త్రలోకమున పేరు పొందని కొండసాంబ్రాణి చెట్టును ఆకు లేనప్పుడే పూయును. 2010లో ఈ వనములను 4,755 చదరపు కిలోమీటర్ల మేర జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించుటకు, ఇట్టి అరుదైన వృక్షజాతులు ఇచ్చట నుండుట ముఖ్యకారణము. తిరుమలలో పూచిన పూవెల్ల స్వామిదేయని యెంచి కొండపై స్త్రీలు సిగలో పూలు తురుమరు. అయినను స్వామి దండలకు తోటపూలే గాని, ఈ కొండగోగులు బండలమీదనే రాలిపోవును. అడవిపూల కిది యొక విధముగా మేలేయని నాకు తోచును.

అడవినాభిది వేరు త్రోవ. ఎండకాలమంతయు దుంపయై భూమిలో దాగి, వానతో మొలకెత్తి, ఆకుకొననే నులితీగగా మార్చి పొదలను పట్టుకొని యెగబ్రాకును. పూవు క్రిందికి వ్రేలాడును. అంచులు అలలుగా నున్న ఆరు రేకులును వెనుకకు మడిగి పైకి లేచును. మొదట అడుగున పసుపు, కొనయందెరుపు, దినములు గడచిన కొలది అంతయు నెరుపే. అగ్నిశిఖ యను సంస్కృతనామము దీనిదే. కేసరములు చుట్టును చాచుకొనగా, కీలము మాత్రము మొదటనే ఒక ప్రక్కకు వంగి, తన పుప్పొడి తనకు తగులకుండ దూరముగా నుండును. తేనెకై వచ్చిన సీతాకోకచిలుక రెక్కలే పుప్పొడిని ఒక పూవునుండి వేరొక పూవునకు చేర్చును.

తమిళనాడునకిది రాష్ట్రపుష్పము, ఆఫ్రికాలోని జింబాబ్వేకు జాతీయపుష్పము. దుంప గెనుసుగడ్డ యని భ్రమించి తిన్నవారు ప్రాణములు కోల్పోయినారు; ఆ విషమైన కాల్చిసినే మితముగా వాడినచో వాతరక్తమునకు మందు. అందులకై కరూరు, తిరుప్పూరు ప్రాంతముల రైతులు దీనిని గింజ నిమిత్తము పందిళ్లమీద పెంచుచున్నారు. అచ్చట కీటకములు చాలక, కూలివారు ఉదయముననే పూవు పూవునకు తిరిగి పుప్పొడిని చేతితో అంటించుచుందురు. గింజకు ధర అధికము గనుక ఆ కూలి గిట్టుబాటగుచున్నది.