స్నాయు తొడుగు కంతులు: తెలుగు వైద్య పదాల అర్థస్పష్టత

సారాంశం: చేతివేళ్ల స్నాయు తొడుగులపై ఏర్పడే నిరపాయ కంతుల స్వభావాన్ని, వాటిని వివరించే తెలుగు పదాల్లోని అర్థ సందిగ్ధతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నరం, స్నాయువు, కండర, కంతి, అర్బుదం.

1. ఉపోద్ఘాతం:

కావలి సమీపంలోని తుమ్మలపెంట వంటి తీరగ్రామాల్లో వల లాగడం, అల్లడం వేళ్ల పట్టుపై ఆధారపడిన పనులు. అటువంటి చేతి వేలిపై నొప్పిలేని గట్టి గడ్డ కనిపిస్తే రెండు సందేహాలు సహజం. అది క్యాన్సరా? కోస్తే నరం తెగి వేలు పడిపోతుందా? ఈ భయాల్లో కొంత భాగం వ్యాధిని చెప్పే మాటల నుంచే పుడుతుంది.

2. నరం, స్నాయువు, కండర:

వాడుకలో 'నరం' మూడు వేర్వేరు నిర్మాణాలను సూచిస్తుంది. 'నరాలు తేలిన చెయ్యి' అన్నప్పుడు రక్తనాళం, 'నరాల జబ్బు' అన్నప్పుడు నాడి, 'నరం బెణికింది' అన్నప్పుడు తరచుగా కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ. ఈ పట్టీనే వైద్యులు టెండన్ అంటారు. పాఠ్యపుస్తకాలు స్నాయుబంధనం అంటాయి. సుశ్రుత సంహిత శారీరస్థానం 500 పేశులను, 900 స్నాయువులను, 16 కండరలను పేర్కొంది. అక్కడ 'కండర' గుండ్రని స్థూల స్నాయువు. తెలుగులో 'కండరం' మాంసపేశికి పేరుగా స్థిరపడింది.

3. కంతుల స్వభావం:

వేలిని ముడిచే స్నాయువు ఒక తొడుగులో జారుతుంది. తొడుగు లోపలి పొర స్రవించే జిగట ద్రవం రాపిడిని తగ్గిస్తుంది. చేతిలో అత్యధికంగా కనిపించే గడ్డ గాంగ్లియాన్. అది ద్రవం నిండిన తిత్తి కనుక టార్చి వెలుగు దాని గుండా ప్రసరిస్తుంది. తరువాతి స్థానం బృహత్కణ కంతిది. ఇది ఎక్కువగా 30–50 ఏళ్ల వయసులో, పురుషుల కంటే స్త్రీలలో అధికంగా కనిపిస్తుంది. గట్టిగా ఉండి నెమ్మదిగా పెరుగుతుంది, వెలుగును ప్రసరింపనీయదు.

1941లో జాఫే, లిక్టెన్‌స్టైన్, సుట్రో దీనిని వాపు సంబంధమైన వికారంగా భావించారు. 2006లో వెలువడిన పరిశోధన ఇటువంటి కంతుల్లో సీఎస్‌ఎఫ్–1 జన్యువు స్థానభ్రంశాన్ని గుర్తించి, ఇది నిజమైన కంతేనని సూచించింది. అయితే ఆ మార్పు కొద్దిపాటి కణాలకే పరిమితం. అవి ఉత్పత్తి చేసే ప్రోటీన్ ఆకర్షించగా చేరిన కణాలే మిగిలినవి. కంతికి పేరు తెచ్చిన బృహత్కణాలు కూడా ప్రధానంగా ఇలా వచ్చి చేరినవే.

తంతు కంతి ఇంతకంటే అరుదైనది. చుంగ్, ఎంజింగర్ 1979లో 138 ఉదాహరణలతో దీనిని వివరించారు. ఇది పురుషులలో ఎక్కువ.

4. అర్బుదం – అర్థపరిణామం:

సుశ్రుత నిదానస్థానం 11వ అధ్యాయం గ్రంథిని, అర్బుదాన్ని వర్ణించింది. గుండ్రంగా, స్థిరంగా, అల్పవేదనతో, నెమ్మదిగా పెరిగేది అర్బుదం. ఈ లక్షణాలు బృహత్కణ కంతికీ చాలావరకు వర్తిస్తాయి. కాని నేటి తెలుగులో గ్రంథి స్రావాన్నిచ్చే అవయవం, అర్బుదం క్యాన్సర్. అందువల్ల వైద్య నివేదికలోని 'ట్యూమర్'ను అర్బుదంగా అనువదిస్తే రోగికి అందే అర్థం మారిపోతుంది. ఈ సందర్భంలో 'కంతి' అనువైన పదం.

'నిరపాయం' అనే విశేషణానికీ వివరణ అవసరం. ఈ కంతులు సాధారణంగా ఇతర అవయవాలకు వ్యాపించవు. అయితే శస్త్రచికిత్సలో చిన్న బుడిపెలు మిగిలిపోతే అదే చోట తిరిగి రావచ్చు. వేలి పక్కగా సాగే నాడి కొన్నిసార్లు కంతికి అతుక్కొని ఉంటుంది. దానిని కాపాడుతూ కంతిని తొలగించాలి. కనుక రోగి భయం పూర్తిగా నిరాధారం కాదు. స్నాయువు వేరు, నాడి వేరు అని తెలిసినప్పుడు ఆ భయం వైద్యుని అడగదగిన ప్రశ్నగా మారుతుంది.

5. ముగింపు:

టెండన్‌కు స్నాయువు, నర్వ్‌కు నాడి, ట్యూమర్‌కు కంతి అనే విభజనను పాఠ్యగ్రంథాలు, అనువాదాలు, వైద్య సంభాషణ ఒకే తీరున పాటించడం అవసరం. కణజాల పరీక్షలో నిరపాయమని తేలిన కంతిని రోగికి ఇలా చెప్పవచ్చు: "ఇది స్నాయువు తొడుగుపై వచ్చిన కంతి; క్యాన్సర్ కాదు; తీసేసినా మళ్లీ రావచ్చు." రోగి నిర్ణయం తీసుకోవడానికి అవసరమైన మూడు విషయాలూ ఈ వాక్యంలో ఉన్నాయి.