రాబందు నేర్పిన పాఠం

హరామ్ పక్షుల పాఠంలో రాబందు పేరు రాగానే మా విద్యార్థులు ముఖం చిట్లిస్తారు. శవాలు తినే పక్షి కదా! తినడానికి హరామ్ అయినంత మాత్రాన ఏ ప్రాణీ నిరర్థకమైపోదని మేము వారికి చెబుతూ వచ్చాము. ఆ మాటకు ఇంతటి సాక్ష్యం పరిశోధకుల నుండి లభిస్తుందని మాత్రం అనుకోలేదు.

1990ల తొలినాళ్ళలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. 2007 నాటికి తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా నశించాయి. ఏదో అంటురోగమని మొదట భావించారు. 2004లో పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో పరిశోధకులు అసలు కారణం కనుగొన్నారు. చనిపోయిన పక్షుల మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాలపై యూరిక్ ఆమ్లం సుద్దపొడిలా పేరుకుని ఉంది. దోషి డైక్లోఫెనాక్. మన ఇళ్ళలో మోకాళ్ళ నొప్పికి వాడే మందే అది! చౌకగా దొరకడంతో పశువులకూ విరివిగా ఇచ్చారు. ఒక్క కళేబరంపై పదుల కొద్దీ రాబందులు వాలతాయి. అందుకే నూటికి ఒక్క కళేబరంలోనైనా ఆ మందు లేకున్నా, అంతకంటే తక్కువ వాటిలో ఉన్నా, ఆ జాతి పతనానికి సరిపోయిందని లెక్కలు తేల్చాయి.

నష్టం పక్షులతో ఆగలేదు. కళేబరాలు ఊరి బయట కుళ్ళాయి, కుక్కలు పెరిగాయి, నీరు కలుషితమైంది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు రాబందులు అధికంగా నివసించిన జిల్లాలను ఇతర జిల్లాలతో పోల్చి, 2000 నుండి 2005 వరకు సుమారు 5 లక్షల అదనపు మానవ మరణాలు సంభవించాయని 2024లో ప్రకటించారు. ఇది గణాంకాలపై ఆధారపడిన అంచనాయే గాని, ఒక్కొక్క మరణాన్నీ విచారించి చెప్పినది కాదు. అయినా తేలికగా కొట్టివేయదగినది కాదు.

మాయిదా సూరాలో ఆదం కుమారుల వృత్తాంతం మనమంతా చదివినదే. సోదరుణ్ణి చంపి, ఆ శవాన్ని ఏం చేయాలో తెలియక నిలబడిన వాడికి నేల త్రవ్వి చూపడానికి అల్లాహ్ ఒక కాకిని పంపాడు. మనిషికి ఖనన విధానం నేర్పిన గురువు ఒక పక్షి! ఏటా ఆ ఆయత్‌లు బోధిస్తూ కూడా మేము ఇంతకాలం ఈ సంగతిపై ఆగి ఆలోచించలేదు.

పశువులకు డైక్లోఫెనాక్‌ను ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల పాకల్లోకి చేరుతున్నాయని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడరాదన్నది. మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లం రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది.

రాబందులు మనకు దూరమైనవేమీ కావు. ఆసిఫాబాద్ ప్రాంతంలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్టపై 2013లో వాటి గూళ్ళు కనిపించాయి. మన పాఠకుల్లో గేదెలు, మేకలు పెంచేవారు ఎందరో ఉన్నారు. పశువుకు నొప్పి సూది వేయించే ముందు అది ఏ మందో వైద్యుణ్ణి అడగండి. మందు వాడిన పశువు చనిపోతే ఊరి బయట పారవేయకండి, లోతుగా పూడ్చిపెట్టండి.