నెమ్మదిగా పరిగెత్తించే కోచ్ కావాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో నారాయణపూర్ నుంచి బాసింగ్ దాకా 21 కిలోమీటర్లు. అబూజ్‌మడ్ హాఫ్ మారథాన్ దారి అది. 2024 చివర్లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్‌కైతే లక్షన్నర మందికి పైగా పేర్లిచ్చారు. బడికీ వాగుకీ వారపు సంతకీ నడిచి పెరిగిన పిల్లలకు దూరం కొత్త కాదు. వాళ్లకు నేర్పాల్సింది నెమ్మదిగా పరిగెత్తడం.

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లను మన ఊళ్లలోనూ చూస్తుంటాం. రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తి, టైము చూసుకుని ఇంటికి పోతారు. కొన్ని వారాలు టైము తగ్గుతుంది. ఆ తర్వాత కదలదు, పిక్కల నొప్పి మాత్రం మొదలవుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు అల్లుకోవాలన్నా, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం తోయాలన్నా తాపీగా, ఎక్కువసేపు పరిగెత్తాలి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్, 800 మీటర్ల వీరుడు పీటర్ స్నెల్ చేత కూడా వారానికి 160 కిలోమీటర్లు పరిగెత్తించాడు. స్నెల్ 1960లో, 1964లో ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చాడు. తాపీ అంటే ఎంత? పక్కవాడితో ఆయాసపడకుండా మాట్లాడగలిగేంత. గట్టి పరుగు వారానికి ఒకటి రెండు రోజులు చాలు.

ఈతలో సంగతి వేరు. నదిలో ఈత నేర్చిన పిల్లలు ఒడ్డు కనపడాలని తల పైకెత్తుతారు. పోటీలో అదే అడ్డు. తల లేస్తే నడుము మునుగుతుంది, గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కనైన నీరు వెనక్కి లాగుతుంది. అందుకే ముందు ఒళ్లు నీటి మీద పరుచుకునేలా చేసి, తర్వాతే దూరం పెంచాలి.

వీటన్నిటికంటే ముందు కోచ్ చూడాల్సింది రక్తం. బస్తర్ ఆదివాసీల్లో సికిల్ సెల్ జన్యువు ఎక్కువ. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు, పందేలూ గెలుస్తాడు. కానీ ఎండలో, ఒంట్లో నీరు తగ్గిన వేళ, ఆపకుండా స్ప్రింట్లు కొట్టిస్తే ఎర్ర కణాలు కొడవళ్లలా వంగి రక్తనాళాలకు అడ్డుపడొచ్చు. కండరాలు దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. తొడలు బరువెక్కాయంటూ ఆగిపోయిన పిల్లది బద్ధకం అనుకోవడం ఇక్కడ ఘోరమైన పొరపాటు. ఈ జన్యువు ఉందని పరుగు మానక్కర్లేదు. పరుగుకూ పరుగుకూ మధ్య విశ్రాంతి పెంచి, నీళ్లు తాగిస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది.

ముందు పరీక్ష, తర్వాత శిక్షణ అనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని కోచ్ నాగపురి రమేశ్ తీర్చిదిద్దారు. వైద్య పరీక్షల తర్వాతే ఆమెకు తగిన పారా విభాగం ఖరారైంది. 2024లో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి, మేధో వైకల్యం ఉన్నవారి టి20 విభాగంలో ప్రపంచ రికార్డు సృష్టించింది.

కేంద్రం 2023 జూలైలో సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. కోంటా, భోపాల్‌పట్నం, భద్రాచలం ఆశ్రమ పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులారా, సికిల్ సెల్ పరీక్ష ఫలితం చూడకుండా పిల్లలచేత ఒక్క స్ప్రింటు కూడా కొట్టించకండి.