పొయ్యి ఎక్కాక అరటికాయలో మిగిలేదెంత?

అరటికాయ కోసిన కాసేపటికే ముక్కలు నల్లబడతాయి. కత్తిపీట అంచు నల్లబడుతుంది. వేళ్లకు పట్టిన జిగురు ఆరేసరికి అదీ నలుపే, అందుకే చేతులకు నూనె రాసుకోనిదే అరటికాయ ముట్టుకోరు చాలామంది. ఇంత నలుపు ఉందంటే లోపల బోలెడంత ఐరన్ ఉన్నట్టేనని మన ఇళ్లలో గట్టి నమ్మకం. రక్తం తక్కువైన పిల్లను కూర్చోబెట్టి మరో గరిటె అరటికాయ కూర వడ్డించే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు.

ఆ నలుపుకీ ఇనుముకీ చుట్టరికం లేదు. కాయలో డోపమైన్ వంటి ఫినాలిక్ పదార్థాలుంటాయి. కోత పడగానే వాటికి గాలీ, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమూ తగిలి రంగు మారుతుంది. వంకాయ ముక్క, యాపిల్ ముక్క రంగు మారేదీ ఇదే పద్ధతిలో. ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేయడం మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం. పులుపుకి ఆ ఎంజైమ్ జోరు తగ్గుతుంది, నీళ్లు గాలిని తగలనివ్వవు. కత్తిపీట మీది మరక మాత్రం నిజంగా ఇనుప మరకే. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి అలా నల్లగా మారతాయి. అయితే ఆ ఇనుము కాయది కాదు, కత్తిపీటది. అమెరికా వ్యవసాయశాఖ పట్టిక ప్రకారం వంద గ్రాముల పచ్చి కూర అరటిలో ఉండే ఐరన్ సుమారు అర మిల్లీగ్రాము. దాన్ని నమ్ముకుని ఐరన్ మాత్రలు పక్కన పెట్టేవాళ్లకు నష్టమే.

అలాగని అరటికాయను చిన్నచూపు చూడక్కర్లేదు. దానికి లేని గొప్ప అంటగట్టి, ఉన్న గొప్పను మరిచిపోవడమే ఇక్కడి తమాషా.

దుంపల పంక్తిలో

నీళ్లు తీసేసి చూస్తే పచ్చి అరటి గుజ్జులో 70 నుంచి 80 శాతం దాకా పిండే. పండేకొద్దీ ఎంజైమ్‌లు ఆ పిండిని చక్కెరలుగా విడగొడతాయి. మనం పచ్చ అరటి అనే కావెండిష్ లాంటి రకాల్లో, బాగా మాగేసరికి పిండి ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. కాయకీ పండుకీ పిలక ఒకటే, చెట్టు ఒకటే. పోషకాల లెక్కలో మాత్రం రెండూ వేర్వేరు సరుకులు.

పిండి తర్వాత చెప్పుకోవాల్సింది పొటాషియం. రకాన్ని బట్టి అటూఇటూగా వంద గ్రాములకు 400 మిల్లీగ్రాముల వరకూ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. కప్పు కూరతో అందులో చెప్పుకోదగ్గ వాటా వస్తుంది. బీ6 విటమిన్ ఉంది. సీ విటమిన్ ఉంది కానీ పొయ్యి మీద చాలావరకు పోతుంది. ప్రొటీన్ గ్రాము, గ్రామున్నర. కొవ్వు లేదనే చెప్పాలి. ఈ లెక్కంతా చూస్తే అరటికాయను బెండకాయ, బీరకాయల పక్కన కాదు, బంగాళాదుంప, చేమదుంపల పక్కన కూర్చోబెట్టాలి. మన భోజనంలో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. కంచం నిండా అన్నం పెట్టుకుని, అరటికాయ కూర కలుపుకుంటే పిండిలో పిండి కలిపినట్టే. షుగర్ ఉన్నవాళ్లు ఈ కూర వండుకున్న రోజున దాన్ని అన్నం ఖాతాలో రాసుకోవాలి, కూరగాయల ఖాతాలో కాదు.

రకాల సంగతి కూడా ఒక మాట. గోదావరి జిల్లాల్లో కూరకు బొంత అరటిదే పెద్దపీట, కొవ్వూరు పేరు మీద కొవ్వూరు బొంత అనే రకమే ఉంది. నగరాల్లో కూరకని అమ్మేది ఎప్పుడూ బొంతే కానక్కర్లేదు. పండు కోసం పెంచిన పచ్చ అరటి గెలల్లోంచి కోసిన హస్తాలు కూడా తోపుడు బండెక్కుతాయి. అందుకే పోషకాల పట్టికల్లో అరటికాయ అంకెలు ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండవు. నీటి శాతం మారితే అన్నీ మారతాయి.

చిన్నపేగును దాటేసే పిండి

ఇంటర్నెట్‌లో అరటికాయ పేరు మారుమోగడానికి కారణం పొటాషియం కాదు, రెసిస్టెంట్ స్టార్చ్. 1980ల మొదట్లో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో హాన్స్ ఇంగ్లిస్ట్ అనే శాస్త్రవేత్త ఆహారంలో పీచును కొలిచే పద్ధతుల మీద పనిచేస్తున్నాడు. పిండిని కరిగించే ఎంజైమ్‌లన్నీ వేశాక కూడా కొంత పిండి లొంగకుండా మిగిలిపోతోంది. ఆ మొండి పిండికి ఆయన పెట్టిన పేరే ఇది. 1986లో జాన్ కమింగ్స్‌తో కలిసి అరటిపండ్ల మీదే ఒక ప్రయోగం చేశాడు. పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీది సంచికి కలిపిన వాళ్లకు అరటిపండ్లు పెట్టి, చిన్నపేగు దాటి ఎంత పిండి వస్తోందో కొలిచారు. పండు ఎంత పచ్చిదైతే అంత ఎక్కువ పిండి అరక్కుండా బయటపడింది.

పచ్చి అరటిలో పిండి రేణువులు బిగించి కుట్టిన ధాన్యపు బస్తాల్లా ఉంటాయి. లోపలి అణువుల అల్లిక గట్టిది కాబట్టి అరిగించే ఎంజైమ్‌లకు దారి దొరకదు. అలా పెద్దపేగుకు చేరిన పిండిని అక్కడి బ్యాక్టీరియా పులియబెడతాయి. అందులోంచి పుట్టే బ్యూటిరేట్ అనే ఆమ్లం పెద్దపేగు గోడ కణాలకు ఇష్టమైన ఇంధనం. పిండి గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరదు కాబట్టి షుగరూ ఒక్కసారిగా ఎగబాకదు. 1992లో డెన్మార్క్ పరిశోధకులు టైప్ 2 మధుమేహులకు అరటిపండ్లు పెట్టి చూస్తే పచ్చివాటి గ్లైసీమిక్ ఇండెక్స్ 43, మరీ మాగినవాటిది 74 వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వాళ్లు తిన్నది వండని అరటి. మన ఇళ్లలో అరటికాయను పచ్చిగా ఎవరు కొరుకుతారు?

వేడి తగిలితే

నీళ్లలో వేసి ఉడికిస్తే దాదాపు 65 నుంచి 75 డిగ్రీల మధ్యే అరటి పిండి రేణువులు ఉబ్బి పగులుతాయి. నీళ్లు తెర్లడానికి చాలా ముందే మొండి పిండిలో చాలా భాగం మామూలు పిండిగా మారిపోతుంది. అంటే పచ్చికాయకు పరిశోధనలు ఇచ్చిన మార్కుల్ని తెచ్చి మన వేపుడు మెడలో వేయడం కుదరదు. ఆరోగ్య వ్యాసాల్లో సగం చేసే పని ఇదే. రేణువు గురించి చెప్పి, కూర గురించి చెప్పినట్టు ముగిస్తారు.

అయితే అంతా పోదు. ఉడికిన పిండి చల్లారేటప్పుడు అణువులు కొన్ని మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. ఇది మరో రకం రెసిస్టెంట్ స్టార్చ్. పచ్చికాయలో ఉన్నంత కాదు కానీ లెక్కలోకి వచ్చేంత ఉంటుంది. ఈ లెక్కన మన వంటల్లో ఆవ పెట్టిన కూరకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. కాయల్ని చింతపండు పులుసు, పసుపు వేసి ఉడికించి, చిదిపి, పోపు వేసి దించాక, చల్లారితే గానీ ఆవముద్ద కలపరు. వేడి మీద కలిపితే చేదెక్కుతుందని భయం. రుచి కోసం పెట్టుకున్న ఆ నియమం పిండికీ పనికొచ్చింది. పెరుగు పచ్చడీ అంతే, చల్లారిన గుజ్జునే పెరుగులో కలుపుతాం.

నిప్పుల మీద తొక్కతో కాల్చి చేసే అరటికాయ పొడిలో ఇంకో లాభం ఉంది. ముక్కలు కోసి నీళ్లలో ఉడికించి వార్చేస్తే పొటాషియం నీళ్లతో పాటు పోతుంది. తొక్కలో కాలిన కాయ నుంచి పోవడానికి దారి లేదు. ఇక నూనె సంగతి. ముక్క ఎంత పలచనైతే అంత నూనె పీలుస్తుంది. వంద గ్రాముల అరటి చిప్స్‌లో మూడోవంతు నూనే, 500 పైచిలుకు క్యాలరీలు. బజ్జీ గురించి విడిగా చెప్పను. బజ్జీని ఎవరూ ఆరోగ్యం కోసం తినరు, వాన కోసం తింటారు.

మొక్కజొన్న కథ అరటికి

2022లో ప్రపంచమంతా పత్రికల్లో ఒక వార్త వచ్చింది. కాస్త పచ్చిగా ఉన్న అరటిపండు రోజుకొకటి తింటే క్యాన్సర్ ముప్పు తగ్గుతుందట. ఆ పరిశోధన నిజమే. బ్రిటన్‌లోని న్యూకాజిల్, లీడ్స్ విశ్వవిద్యాలయాల వాళ్లు నడిపించారు. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉన్న దాదాపు వెయ్యి మందిలో కొందరికి సగటున రెండేళ్ల పాటు రోజుకు 30 గ్రాముల రెసిస్టెంట్ స్టార్చ్ ఇచ్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. పెద్దపేగు క్యాన్సర్లు తగ్గలేదు. జీర్ణాశయం వంటి ఇతర అవయవాల క్యాన్సర్లు మాత్రం దాదాపు సగానికి తగ్గాయి. ఇక్కడ పత్రికలు మింగేసిన ముక్క ఒకటుంది. వాళ్లకు ఇచ్చిన పొడి అరటిది కాదు, మొక్కజొన్నది. అరటిపండు మోతాదు అర్థం కావడానికి ఇచ్చిన పోలిక. శీర్షికల్లోకి ఎక్కింది మాత్రం ఆ పోలికే.

ఢాకా ఆస్పత్రిలో ఉడికించిన కాయ

ఉడికిస్తే అరటికాయ ప్రత్యేకత పోయినట్టేనా? దీనికి నాకు తెలిసిన మంచి జవాబు బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. తగ్గకుండా సాగే విరేచనాలతో ఢాకాలోని ఐసీడీడీఆర్,బీ ఆస్పత్రికి వచ్చిన 62 మంది మగపిల్లల మీద జి.హెచ్. రబ్బానీ బృందం చేసిన అధ్యయనం 2001లో అచ్చయింది. అందరూ 5 నుంచి 12 నెలల వయసు వాళ్లు. కొందరికి ఉడికించిన పచ్చి అరటికాయ గుజ్జు కలిపిన ఆహారం, కొందరికి పెక్టిన్ కలిపినది, మిగతావాళ్లకు ఉత్త బియ్యపు ఆహారం పెట్టారు. నాలుగో రోజుకు అరటికాయ తిన్నవాళ్లలో 82 శాతం, పెక్టిన్ తిన్నవాళ్లలో 78 శాతం కోలుకున్నారు. బియ్యపు ఆహారం మీదే ఉన్నవాళ్లలో 23 శాతమే.

తర్వాత ఇదే పద్ధతిని పల్లెల్లోకి తీసుకెళ్లారు. 2,968 మంది పిల్లలతో తల్లులే ఇంట్లో వండి పెట్టేలా చేసిన ఆ అధ్యయనం 2010లో వచ్చింది. అక్కడా అరటికాయ తిన్న పిల్లలు త్వరగా తేరుకున్నారు. అంటే ఉడికినా కాయలో పనికొచ్చేది మిగులుతోంది. కొంత మొండి పిండి, దానికి తోడు పెక్టిన్ అనే పీచు కలిసి పెద్దపేగులో నీటినీ ఉప్పునీ తిరిగి లోపలికి తీసుకోవడానికి సాయపడుతున్నాయి. అయితే ఇది ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు, దానికి తోడు మాత్రమే. నీరసించిపోయిన పసిబిడ్డకు గుజ్జు పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోవడం ప్రమాదం.

పసిపిల్లల ఆహారంగా అరటికాయ కేరళకు కొత్త కాదు. అక్కడ కున్నన్ అనే చిన్న అరటికాయల్ని పలచగా తరిగి, ఎండబెట్టి, పొడి కొట్టి, జావ కాచి పాలు మాన్పించే వయసులో పెడతారు. పచ్చి అరటి పిండి ఇప్పుడు పెద్దల కోసం కూడా డబ్బాల్లో వస్తోంది. ఎక్కువ వేడి తగలకుండా ఎండిన పిండిలో మొండి పిండి నిలిచి ఉంటుంది. దాన్ని జావ కాస్తే పోతుంది, చల్లటి మజ్జిగలో కలుపుకుంటే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక చెంచాతో ఆగాలి. పెద్దపేగులో పులిసేది ఏదైనా గ్యాస్ పుట్టిస్తుంది, కడుపు ఉబ్బరిస్తుంది.

అరటికాయకు నిజంగా దూరంగా ఉండాల్సినవాళ్లు ఒకరున్నారు. కిడ్నీలు దెబ్బతిని, పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు. మనం మంచిదని లెక్కేసిన 400 మిల్లీగ్రాములే వాళ్లకు ముప్పు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మరీ తినాలనిపిస్తే డైటీషియన్‌ను అడిగి, ఆమె ఒప్పుకున్నంత మేరకే, తొక్క తీసి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. మిగతావాళ్లు చేయకూడని పనే వాళ్లకు మందు. కాల్చిన కాయ, తొక్కతో చేసిన పచ్చడి వాళ్ల కంచంలోకి రాకూడదు.